దిమ్మె మీది నెమలినార

26 ఫిబ్రవరి 1984, ఆదివారం

వచ్చిండ్రు. పొద్దుగాల కోడలు సరళ బర్రెను పిండుతుంటె లారీల చప్పుడైంది. రెండు లారీల నిండ మనుషులు, తట్టలు, పారలు, గడ్డపారలు, కోళ్లు, చంకల పసిపిల్లలు. పాలమూరోళ్లట. కాలువ తవ్వేటందుకు వచ్చిండ్రు. పోచంపాడు నీళ్లు వస్తయి, వస్తయి అని పదేండ్ల సంది వింటున్నం, ఇగ నిజంగనే వస్తయి. ఊరంత ఉరికింది చూసేటందుకు. మా కొడుకు ఉపేందర్ చిన్నపిలగాడైపోయిండు. "అవ్వా, వచ్చే ఏడు రెండు పంటలే!" అని కోడలు చూస్తుండంగ నా చెయ్యి పట్టుకొని ఊపిండు. నేను గూడ నవ్విన. సంబురమే గదా. నాకు మాత్రం సంబురం కాదా?

మా నెమలినార చెట్టు కాడ పోయినేడు సర్వే వాళ్లు పాతిన రాయికి సున్నం పూసి పోయిండ్రు. చెట్టు కాలువ నడుమకు వస్తది. ఓ పక్కకు కాదు, సరీగ నడుమకు.

ఈ డైరీ ఎరువుల దుకాణపోళ్లు ఉపేందర్‌కు ఇచ్చిండ్రు. వాడు తెరిచి గూడ చూడలే. నేను తీసి నా బట్టల కింద పెట్టుకున్న. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వంకరపోతె పోనీ, ఎవ్వరు చూస్తరు.

28 ఫిబ్రవరి

పూత రాలి పిందె పడ్డది. గుత్తులు గుత్తులుగ, పచ్చగ. చూస్తె కడుపు నిండింది. మళ్ల గంతట్లనే భయమైంది.

2 మార్చి

మోకాళ్లు వాచిన ఒకాయన గంగాధర నుంచి వచ్చిండు. బెరడు నూరి పట్టు వేసి పంపిన. పోయేటప్పుడు "అవ్వా, కాలువ వస్తె ఈ చెట్టు పోతదట గదా, మరి మేం ఏడికి పోవాలె?" అన్నడు.

మా అత్త పోతు పోతు నాకు అప్పజెప్పిన చెట్టు ఇది. నలభై ఏండ్లాయె నేను పట్లు వేయవట్టి. వెనుకట వాగు పొంటి నెమలినార చెట్లు శానా ఉండెనట. బండ్లకని కొన్ని, బొగ్గులకని కొన్ని కొట్టుకపోయిండ్రు. ఇప్పుడు చొప్పదండి దాంక పోయినా ఇంకొకటి కనబడదు. చెట్టు పోతె మందు పోతది. నా ఫికరంత ఆ జనం కోసమే. నా కోసం కాదు. నా తానకు ఎవ్వరు రాకుంటె నాకేం తక్కువ, హాయిగ కూసుంట.

పోయినేడు చేసిన పని ఇక్కడ రాస్త. సర్వే రాయి పాతంగనే నాకు గుబులైంది. ఎవ్వరికి చెప్పకుండ గింజలు ఏరిన. మూడు దినాలు ఎండబెట్టి, బూడిద కలిపి, యాపాకు వేసి, కొత్త కుండల పోసి మూతికి పేడ మెత్తిన. మక్కలు గట్లనే పెడ్తం, పెసర్లు గట్లనే పెడ్తం. మిరుగం కార్తె వచ్చి నాలుగు వానలు పడంగనే తీసి ఇంటెనుక పెట్టిన. మొలవలే. ఒక్కటంటె ఒక్కటి మొలవలే.

మా ఇంటాయన పోయి పదకొండేండ్లు. బొట్టు లేనిదాని చెయ్యి కాబట్టి మొలవలేదా అని ఒకటే ఆలోచన. ఎవ్వరిని అడుగుత?

6 మార్చి

కరీంనగర్‌ల అడవిశాఖోళ్ల మొక్కల నర్సరీ ఉన్నదట. మా పొలం పనికొచ్చే ఎల్లక్క చెప్పింది. పోవాలె. ఉపేందర్‌కు ఏమని చెప్పాలె?

9 మార్చి, శుక్రవారం

ఎక్కడికెళ్లి మొదలు పెట్టాలె!

కండ్లు మసక కొడుతున్నయి, డాక్టరుకు చూపించుకుంట అని ఇంట్ల చెప్పిన. తోడుకు ఎల్లక్కను తీసుకున్న. మా పొలంల ముప్పై ఏండ్ల సంది నాట్లేస్తున్న మనిషి, నాకంటె రెండేండ్లు చిన్నది, నోరు మాత్రం నాలుగేండ్లు పెద్దది. బస్సుల సగం దూరం "దొరసానీ, కండ్ల డాక్టరు చెట్ల నడుమ కూసుంటడా?" అని నన్ను ఏడిపించుకుంట వచ్చింది.

నర్సరీల మొండయ్య అని ఒకాయన మొక్కలకు నీళ్లు చల్లుతుండు. నా ఈడు మనిషే. నెమలినార మొక్కలు ఉన్నయా నాయినా అని అడిగిన.

"గవెవ్వరు అడుగుతరవ్వా? నీలగిరి ఉన్నది, సుబాబుల్ ఉన్నది. ఎన్ని గావాలంటె అన్ని తీస్కపో."

"నీలగిరి నూరి పట్టేస్తె మోకాళ్లు తగ్గుతయా?" అన్నది ఎల్లక్క.

"తగ్గవు గని జలుబు తగ్గుతది" అన్నడు ఆయన. ఇద్దరికి ఇద్దరు దొరికిండ్రు.

నేను సిగ్గు విడిచి కుండ సంగతి చెప్పిన. చెప్తుంటె ఆయన నీళ్ల డబ్బ కింద పెట్టిండు. ఇంకింత చెప్పంగనే కింద కూసున్నడు. నవ్వుడు ఆగుత లేదు.

"మిరుగం దాంక కుండల పెట్టినవా? పైనంగ పేడ మెత్తినవా?"

"మరి గింజను ఎట్ల పెడ్తరు నాయినా?"

"అవ్వా, అది మక్క కాదు, పెసర కాదు. రాలినంక దానికి దమ్ము పదిహేను ఇరవై దినాలే. ఏరిన నాడే మట్టిల పెట్టాలె. నువ్వు రెండు నెలలు దాని మూతి మూసినవ్."

"నడి ఎండకాలం ఎవ్వరన్న గింజ పెడ్తరా? మాడిపోదా?"

"మాడుతది. అందుకే పందిరి వెయ్యాలె, పొద్దు మాపు నీళ్లు చల్లాలె. చెట్టుకు మిరుగం తెల్వదు, మనకే తెలుసు."

అన్ని విడమరిచి చెప్పిండు పాపం. ఇసుక, పాత పెంట ఎరువు జల్లెడ పట్టి మడి చెయ్యాలె. గింజను పండుకోబెట్టి పైనంగ గోరంత మందమే మట్టి చల్లాలె. దాని మీద వరిగడ్డి పరవాలె. కాయను ఎండకు పట్టి చూస్తె నడుమ నల్లగ చుక్క కనబడాలె, లేకుంటె తాలు. పచ్చగున్నప్పుడు తెంపొద్దు. రంగు తిరగాలె. ఉగాది దాటి ఇంకో పదిహేను ఇరవై దినాలకు తిరుగుతది అన్నడు.

"మరి నా చేతుల దోషం లేదు గదా నాయినా?" అని అడిగిన.

"నీ చేతుల లేదు, నీ కుండల ఉన్నది" అన్నడు.

బస్సెక్కినంక ఎల్లక్క నా దిక్కు చూసి "ఎందుకు దొరసానీ ఏడుస్తున్నవ్?" అన్నది. దుమ్ము పడ్డది అన్న. దుమ్మే. బస్సంత దుమ్ము.

ఇంటికి రాంగనే సరళ అడిగింది, "అత్తమ్మా, డాక్టరేమన్నడు?" "మస్తు మంచిగున్నయన్నడు బిడ్డా" అన్న. ఎల్లక్క గోడ దిక్కు తిరిగి కొంగు నోట్లె కుక్కుకున్నది.

నా చెయ్యి మంచిదే! నా చెయ్యి మంచిదే!

10 మార్చి

సంబురంల ఒక్క సంగతి మరిచిన. కాయ రంగు తిరిగేదాంక చెట్టును ఉండనిస్తరా?

15 మార్చి

మా తమ్ముడు బాలకిషన్‌రావు ఆదిలాబాద్ నుంచి కార్డు రాసిండు. కాలువ ఆగకపోతె గింజలకు ఇంకో ఆసరా ఉంటదని, అక్కడ నెమలినార ఉన్నదా అని నేను పోయిన నెల అడిగి ఉంటి. "అక్కా, ఇక్కడోళ్లు దాన్ని వావళ అంటరు. కచేరి వెనుక రెండు ఉండె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయినయి. మా పత్తి వ్యాపారులల్ల ఒక ముసలాయనను అడిగితె పెన్‌గంగ అవుతల ఎక్కడో చూసిన అన్నడు, చోటు యాదికి లేదట. నువ్వు ఫికర్ చేసుడు తక్కువ చెయ్యి, బీపీ వస్తది" అని రాసిండు.

ఫికర్ చేయొద్దని రాసేటోళ్లంత ఫికర్ పెట్టే ముచ్చటనే రాస్తరు.

19 మార్చి

కాలువ మా ఈరయ్య బంధం అనే పొలం కాడికి వచ్చింది. చెట్టు నుంచి నిలబడి చూస్తె తట్టలు మోసే ఆడోళ్లు చీమల్లెక్క కనబడిండ్రు. కాయలు పచ్చగనే ఉన్నయి.

21 మార్చి

చీరెల రంగులు కనబడుతున్నయి. కాయలు పచ్చగనే.

24 మార్చి

చెట్టు కోసం నేను తిరుగుతున్నట్టు ఉపేందర్‌కు తెలిసిపోయింది. ఎవ్వరు చెప్పిండ్రో. అన్నం తింటు తింటు కంచం జరిపిండు.

"అవ్వా, నిజం చెప్పు. కాలువ కొలతలు చూసే ఓర్సీరు సారుకు కాయితం పెడ్తున్నవా కాలువ ఆపుమని?"

"నా మొఖానికి కాయితం పెట్టొస్తదా?"

"ఊరంత నీళ్ల కోసం నోరు తెరుచుకొని చూస్తున్నది. మన చెట్టు కోసం కాలువ వంకర పోయిందంటె రేపు నేను నలుగుర్ల ఎట్ల తిరగాలె? కింది పొలాలన్నీ చిన్న రైతులయి."

"కాలువ ఆపుమని ఎవ్వరన్నరురా? కాయలు ముదిరేదాంక చెట్టును ఆపుమంటున్న, గంతే."

"చెట్టు ఆగితె కాలువ ఆగదా?"

వాడు న్యాయమే మాట్లాడిండు. న్యాయం మాట్లాడినందుకే ఎక్కువ కోపమొచ్చింది నాకు.

25 మార్చి

నేను కాలువకు అడ్డం కాదు. ఇక్కడ రాసి పెడ్తున్న.

29 మార్చి, గురువారం

పాలమూరు మేస్త్రి హనుమండ్లు కుంటుకుంట వచ్చిండు. ఎనకాల ఆయన పెండ్లాం బుచ్చమ్మ. "నెమలినార అవ్వ ఇల్లు ఇదేనా?" అని అడిగింది. నన్ను గట్ల పిలుస్తరని నాకు తెల్వదు! నెమలినార అవ్వ. సరళ గూడ విన్నది.

ఎడమ మోకాలు గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. బెరడు ఉన్నది గని పాతది. తాజాది కావాలంటె ముందటి దినం చెట్టుకు చెప్పి, తెల్లారి నా నీడ చెట్టు మీద పడకుండ తీస్త. మా అత్త నేర్పిన పద్ధతి. ఎల్లుండి పొద్దుగాల రమ్మన్న.

"ఏ చెట్టవ్వా?" అన్నడు. చూపెట్టిన. ఆయన బుచ్చమ్మ దిక్కు చూసిండు, బుచ్చమ్మ నేల దిక్కు చూసింది. వాళ్లే గదా కొట్టేది.

31 మార్చి

పట్టు వేసిన. నేనేమడగలే. కాలు నొస్తున్న మనిషిని పట్టుకొని బేరం చేస్తనా? ఆయనే అడిగిండు, ఎందుకవ్వా గా కాయల దిక్కే చూస్తున్నవని. అడిగితె చెప్పిన. అడిగితెనే.

2 ఏప్రిల్, ఉగాది

పచ్చడి గిన్నె పట్టుకొని ఎల్లక్కతోటి పాలమూరోళ్ల గుడిసెల కాడికి పోయిన. హనుమండ్లు వాపు సగం దిగింది. నన్ను చూసి లేచి నిలబడి, రెండడుగులు ఎగిరి చూపెట్టిండు. అందరు నవ్విండ్రు.

తర్వాత నన్ను తవ్విన కాలువ కాడికి తోలుకపోయి చూపెట్టిండు. ఇన్ని దినాలు చూసిన గని నాకు సమజ్ కాలే. తవ్విన గుంతల నడుమ నడుమ మనిషి నిలబడేటంత మట్టిదిమ్మెలు విడిచిపెట్టిండ్రు, మీద గడ్డి గూడ గట్లనే ఉన్నది.

"గవెందుకు విడిచిండ్రు?" అన్న.

"లోతు కొలిచేటందుకవ్వా. మొత్తం తవ్వితె ముందుగాల నేల ఎంత ఎత్తున ఉండెనో ఎట్ల తెలుస్తది? ఓర్సీరు సారు వచ్చి దిమ్మె పైనుంచి టేపు విడుస్తడు. కొలత అయినంక దిమ్మెలు గూడ తవ్వుతం."

నేను దిమ్మెల దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూసిండు.

"మీ చెట్టు కింద ఒక దిమ్మె విడుస్త" అన్నడు. "జర పెద్ద దిమ్మె. కాలువ అటు ఇటు పోతనే ఉంటది, పని ఆగదు. కొలత నాటిదాంక చెట్టు మీద గొడ్డలి పడది. కొలత ఎన్నడో నా చేతుల లేదు."

"పెద్ద దిమ్మె అంటె సారు కోపానికి రాడా?" అన్నది బుచ్చమ్మ.

"చిన్నదే విడువాలెనని రాసి ఉన్నదా?" అన్నడు మొగడు.

చెట్టు ఆగుతది, కాలువ ఆగది! ఉపేందర్ అడిగిన మాటకు జవాబు గిదే. ఇంటికి ఉరికి వచ్చి చెప్పిన. వాడు అన్నం కలుపుకుంట విన్నడు. "పాలమూరోళ్లకున్న తెలివి ఇంజినీర్లకు లేకపాయె" అన్నడు చివరికి.

11 ఏప్రిల్

చూసేటందుకు ఊర్లెకెళ్లి జనం వస్తుండ్రు. కాలువ అటు అయిపోయింది, ఇటు అయిపోయింది, నడుమల మూడు మంచాలంత దిమ్మె, దిమ్మె మీద నా నెమలినార! ఆకాశంల నిలబెట్టినట్టున్నది. పక్కల వేర్లు తెగి బయటికి కనబడుతున్నయి, ఆడిదాని జడ విప్పినట్టు.

వేర్లు తెగినయి గదా, కాయలు ముదరక ముందే ఎండిపోతె? గాలిదుమారం వచ్చి పడిపోతె? ఎల్లక్క, బుచ్చమ్మ కలిసి నిచ్చెన వేసి, బిందెలతోటి నీళ్లు ఎక్కించి మొదట్ల పోసిండ్రు. "కాలువల నీళ్లు రాకముందే చెట్టుకు వచ్చినయి" అని పాలమూరు ఆడోళ్లు నవ్వుతుండ్రు.

12 ఏప్రిల్

పది బిందెలు.

13 ఏప్రిల్

పది బిందెలు. ఆకు జర వాడింది. కాయల అంచులు తెల్లబడ్డట్టు కనబడ్డది. ఎల్లక్క లేదంటది. దానికి చత్వారం.

14 ఏప్రిల్

తెల్లబడ్డయి! సరళ గూడ చూసింది!

పాలమూరు పిల్లలు దిమ్మె ఎక్కి, కొమ్మలు వంచి గింజలు ఒలుచుకొని తింటుండ్రు. వేరుశనగ లెక్క ఉన్నయట. నా పానం పోయింది. కొట్టబుద్ధి కాలే, పసిపిల్లలు. శేరు పుట్నాలు, బెల్లం తెప్పించి పంచిన. "రోజు ఇస్తవా అవ్వా?" అన్నది ఒకతి. చెట్టు మీది గింజలు ముట్టకుంటె రోజు ఇస్త అన్న. ముట్టం అని అందరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నరు.

16 ఏప్రిల్, సోమవారం

ఓర్సీరు సారు వచ్చిండు. మోటర్ సైకిల్ దిగకముందే కనబడ్డది ఆయనకు. కనబడకుండ ఎట్లుంటది.

"హనుమండ్లూ! గా దిమ్మె మీద చెట్టేందయ్యా?"

"కొలత కోసం విడిచిన సార్."

"దిమ్మె కొలతకు. చెట్టు దేనికి?"

"చెట్టు దిమ్మె మీదనే మొలిచింది సార్, మేం పెట్టలే."

అందరు నవ్వు ఆపుకుంటుండ్రు. నేను ముందుకు పోయిన. అయ్యా, కాలువకు నేను అడ్డం కాదు, మా భూమి గూడ ఈ నీళ్ల కిందనే ఉన్నది, కాయలు రంగు తిరుగుతున్నయి, పది దినాలు ఉండనియ్యి అన్న.

"పది దినాలు నా తాన లెవ్వమ్మా" అన్నడు. చెడ్డోడు కాదు, మొఖం చూస్తె తెలుస్తది. "గురువారం పై సారు కొలతకు వస్తుండు. ఆయన వచ్చేసరికి చెట్టు నేల మీద ఉండాలె. దిమ్మె మాత్రమే నిలబడాలె."

గురువారం. మూడు దినాలు.

17 ఏప్రిల్

సగం పండినయి, సగం పచ్చగున్నయి. ఎండకు పట్టి చూసిన. పండినయాట్ల చుక్క ఉన్నది. సగం చాలు. నాకేం అత్యాశ లేదు. సగం చాలు.

చాలుతదా?

18 ఏప్రిల్

బెరడుకైతె ముందటి దినం పోయి, పసుపు బియ్యం చల్లి చెప్తం. "రేపు నీ ఒంటి మీదికెళ్లి ఇంత తీసుకుంట, తప్పు పట్టకు" అని. ఇయ్యాళ గూడ పోయిన. నిచ్చెన ఎక్కించింది ఎల్లక్క. పసుపు బియ్యం చల్లిన. "రేపు మొత్తం తీసుకుంటం" అని ఎట్ల చెప్పాలె?

కింద నిలబడ్డ ఎల్లక్కనే చెప్పింది, గట్టిగ, మనిషికి చెప్పినట్టు. "నీ పిల్లలను మేం చూసుకుంటం తియ్యి. జర ఆగి రాల్చు."

19 ఏప్రిల్, గురువారం

అయిపోయింది. అయిపోయింది గని నేను ఏడ్వలే, ఏడ్చే టైమ్ ఎక్కడిది!

పొద్దు పొడవంగనే పోయిన. గాలి మొదలైంది. పండిన కాయలు కాయితాల లెక్క ఎగురుతున్నయి, పొలాల మీదికి, కాలువలకు, ఎటు పడితె అటు. నేను కొంగు పట్టి ఉరుకుతున్న. ఒక్క ముసలిదాని కొంగు ఎంత? గింజలన్నీ పోయినట్టే అనుకొని ఒర్రిన.

బుచ్చమ్మ చూసింది. తట్ట పక్కకు పారేసి, భుజం మీది దుప్పటి విప్పి "పట్టుండ్రి!" అన్నది. ఆడోళ్లంత దుప్పట్లు, పాత చీరెలు పట్టుకొని వచ్చిండ్రు. గాలికి ఎదురుగ కాలువ గట్టు మీద వరుసగ నిలబడి అడ్డం పట్టిండ్రు. ఎగిరొచ్చిన కాయలు చీరెలకు కొట్టుకొని కింద పడుతున్నయి, పిల్లలు ఏరుతుండ్రు. ఇంతట్ల బండి చప్పుడు. ఉపేందర్! వడ్ల కుప్పల మీద కప్పే బరకాలు నాలుగు బండిల వేసుకొని వచ్చిండు. నా దిక్కు చూడకుండనే కాలువలకు దిగి, దిమ్మె చుట్టు పరిపించిండు.

"కొమ్మలు ముందు కొట్టుండ్రి" అన్నడు హనుమండ్లుతోటి. "ఒక్కటొక్కటి తాడు కట్టి మెల్లగ దింపుండ్రి. ఒక్కసారి పడితె గింజలన్నీ మట్టిల కలుస్తయి."

"దొరా, పెద్ద సారు పన్నెండింటికి వస్తడు" అన్నడు హనుమండ్లు.

"వస్తె రానీ. మా ఇంట్ల చాయ తాగిపిస్త. మా ఇంటామె చాయ ఒక్కటి తాగినోడు గంట దాంక లేవడు."

ఒక్కొక్క కొమ్మ దిగింది. బరకాల మీద దులిపినం. మొదలు పడేటప్పుడు మాత్రం నేను అటు చూడలే, గింజలు ఏరుతున్న. చప్పుడు విన్న. నేల అదిరింది. బుచ్చమ్మ నా ఈపు మీద చెయ్యి పెట్టింది.

పై సారు వచ్చేసరికి దిమ్మె ఒక్కటే ఉన్నది. టేపు విడిచి, రాసుకొని పోయిండు. ఆయనకు ఏం తెల్వదు.

పొద్దు గూకకముందే మళ్లు పూర్తి. ఇంటెనుక నాలుగు మళ్లు, మీద తాటాకుల పందిరి. సరళ జల్లెడ పట్టింది, ఎల్లక్క మట్టి చల్లింది, గింజ నేను పండుకోబెట్టిన. ఒక్కొక్కటి ఎండకు పట్టి, చుక్క చూసి.

20 ఏప్రిల్

నాకేం ఫికర్ లేదు. చెయ్యాల్సింది చేసినం.

23 ఏప్రిల్

మడి కాడికి పోలే. పొద్దుగాల ఒకసారి నీళ్లకు పోయిన, మాపటికి ఒకసారి. నడుమ రెండుసార్లు కోళ్లను కొట్టేటందుకు పోయిన. గంతే.

25 ఏప్రిల్

గడ్డి తీసి చూసిన. తీయొద్దన్నడు మొండయ్య. తీసి మళ్ల కప్పిన.

27 ఏప్రిల్

లెవ్వు.

28 ఏప్రిల్

లెవ్వు. ఎండ మండుతున్నది. పోయినేటి లెక్కనే. కుండ దోషం కాదేమో, నాదే.

30 ఏప్రిల్

సరళ వచ్చి పక్కన కూసున్నది. "అత్తమ్మా, పట్టు ఎట్ల వేస్తరో నాకు చెప్పరాదా?" అన్నది. ఇంతకుముందు రెండుసార్లు అడిగింది. చెప్తె మందు పని చెయ్యదు బిడ్డా అని తప్పించుకున్న. నిజం ఏందంటె, దానికి చెప్తె నా తానకు ఎవ్వరొస్తరు? గీ మాట రాస్తుంటె సిగ్గయితున్నది. కొట్టేద్దామనుకున్న. ఉండనీ.

మొన్న పడ్డ చెట్టు బెరడు ఒలిచి ఎండబెట్టినం. దాన్ని తెచ్చి, నీళ్లు పోసి నూరి, ఎంత పలుచన, ఎంత మందం, బట్ట ఎట్ల చుట్టాలె, అన్నీ చూపెట్టిన. బుచ్చమ్మ గూడ పక్కనే ఉన్నది. ఉండనీ అన్న.

1 మే, మంగళవారం

మొలిచినయి!!

ఎల్లక్క ఒర్రుడు విని వంటింట్లకెళ్లి ఉరికి వచ్చిన. కాలికి చెప్పు లేదు, చేతుల గంటె ఉన్నది. రెండో మడిల, గడ్డి సందున, పచ్చగ, రెండు ఆకులు విప్పుకొని. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఏడు! మాపటికి పందొమ్మిది!

నా చేతితోటి పెట్టిన గింజ.

2 మే

నలభై నాలుగు. గడ్డి తీసేసినం. ఉపేందర్ పొద్దుగాల పండ్లు తోముకుంట వచ్చి, వేప్పుల్ల నోట్లెనే పెట్టుకొని లెక్క పెట్టుకుంట నిలబడ్డడు. నాకు నలభై నాలుగైతె వానికి నలభై ఆరయ్యింది. వాడు రెండు గడ్డి మొలకలు గూడ లెక్క పెట్టిండు.

9 మే

నూట పన్నెండు. ఇక మొలవవనుకుంట. మొండయ్యకు కార్డు రాయించిన.

20 మే

మొక్కలను మట్టి నింపిన సంచులల్లకు మార్చినం. నూట పన్నెండుల ఎనభై మూడు బతికినయి. ఇరవై తొమ్మిది ఎందుకు పోయినయో ఒక్కొక్కదానికి ఒక కారణం నాకు తెలుసు, రాస్తె పేజీలు చాలయి.

27 మే

రోహిణి ఎండ. పందిరి మీద తడి గోనెలు వేసినం. దినానికి నాలుగుసార్లు నీళ్లు. కొన్ని జానెడు ఎత్తైనయి. నడుము పట్టుకున్నది. నా నడుముకు సరళ పట్టు వేసింది. మంచిగ వేసింది, నాకంటె బిగుతు.

4 జూన్, సోమవారం

పాలమూరోళ్లు పోయిండ్రు. మిరుగం వస్తున్నది గదా, వాళ్ల చెల్కలు దున్నుకోవాలె. కాలువ పని వానలు వెనుకబడ్డంకనే మళ్ల.

బుచ్చమ్మ పొద్దుగాలనే వచ్చింది. "అవ్వా, రెండు మొక్కలియ్యి. మా ఊర్ల గూడ మోకాళ్లున్నయి" అన్నది.

"బిడ్డా, బెరడు తీయాలంటె పదిహేనేండ్లు ఆగాలె" అన్న.

"పదిహేనేండ్లకు మోకాళ్లు నొయ్యవా అవ్వా? మస్తు నొస్తయి" అన్నడు వెనుకనుంచి హనుమండ్లు. "నావే నొస్తయి, రాసిస్త."

రెండు అన్నది గని నాలుగిచ్చిన. అది చూసి ఇంకొకామె వచ్చింది. నాకు గూడ అవ్వా, మాది వేరే ఊరు. ఇంకొకామె, మా చెరువు కింద పెడ్తనవ్వా. దుప్పట్లు అడ్డం పట్టినోళ్లే అందరు. ఎవ్వరికి లేదంట? ఇస్తనే ఉన్న. ఎల్లక్క నా కొంగు గుంజుతున్నది, "దొరసానీ, మనకు మిగల్చవా? చెట్టుకు నేను మాటిచ్చిన!" అని. చివరికి ఎనభై మూడుల ఇరవై ఆరు మిగిలినయి. అవి చాలు మా కాలువ గట్టు పొంటి. ఉపేందర్ ఇప్పటికే గుంతలు తీపిస్తుండు, కింది రైతులను గూడ రమ్మన్నడట.

లారీ ఎక్కేటప్పుడు ఒక్కొక్కామెకు చెప్పిన. తడి గోనె విప్పొద్దు, ఎండ తగలనియ్యొద్దు, దారిల మేకలకు దూరం పెట్టు, వాన పడినంకనే నాటు, వాన ఆలస్యమైతె నీళ్లు పొయ్యి, మరువకు. "అవ్వా, నువ్వే ఎక్కరాదు లారీ!" అన్నది ఒక పిల్ల. అందరు నవ్విండ్రు. ఎక్కబుద్ధయింది. నిజంగ ఎక్కబుద్ధయింది.

లారీలు మూల తిరిగినంక గూడ ఒర్రుతనే ఉన్న, "మేకలు! మేకలు జాగ్రత్త!" అని. సరళ చెయ్యి పట్టుకొని ఇంట్లకు తోలుకొచ్చింది.

ఇన్నేండ్లు నా ఫికరంత ఈ నాలుగు గోడల నడుమనే తిరిగింది. ఇయ్యాళ యాభై ఏడు మొక్కలతోటి లారీ ఎక్కి పోయింది. ఏ ఊర్లకు పోయిందో పేర్లు గూడ సరీగ తెల్వదు. అచ్చంపేట అన్నది ఒకతి, కోస్గి అన్నది ఒకతి, ఇంకొన్ని ఊర్లు నాకు నోరు తిరగవు.

మాపటికి రేడియో పెట్టింది సరళ. వాతావరణం చెప్తుండు. కరీంనగర్ ముచ్చట అయిపోంగనే మూయబోయింది.

"ఆగు బిడ్డా, పాలమూరు చెప్పనీ."

"పాలమూరుతోటి మనకేం పని అత్తమ్మా?" అన్నది గని చెయ్యి వెనుకకు తీసింది. అందరం దగ్గరికి జరిగి విన్నం. ఉపేందర్ గూడ నిలబడ్డడు.

మహబూబ్‌నగర్ జిల్లల అక్కడక్కడ జల్లులు పడ్డయట. పడ్డయట!

అక్కడక్కడ అంటె ఏడేడనో చెప్పలే.